మేట్రనమ్మ పెట్టేసిన ఫోన్

పొద్దున్నే కోడలు కట్టు విప్పుతుంటే మేట్రనమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. సాయం చేయడానికి కాదు, తప్పులు పట్టడానికి.

"దూదితో అలా రుద్దుతారా ఎవరైనా? పుండు తుడుస్తున్నావా, గిన్నెలు తోముతున్నావా?"

"రుద్దట్లేదు అత్తయ్యా, అద్దుతున్నాను."

"అద్దడం నాకు నేర్పకు."

మంచం మీద బోర్లా పడుకున్న కొడుకు దిండులోంచి మొహం తిప్పాడు. "రుద్దినా అద్దినా నాకేం తెలియడం లేదు. తెలియని మనిషి కోసం మీరిద్దరూ ఎందుకు పోట్లాడుకుంటారు?" అన్నాడు.

నడుము కింద అతనికి స్పర్శ లేదు. పెద్ద పెద్ద భవనాలకు అద్దాలు బిగించే పని చేసేవాడు. ఓ రోజు పైనుంచి పడ్డాడు. అప్పటినుంచీ చక్రాల కుర్చీయే కాళ్ళు. కుర్చీలో గంటల తరబడి కూర్చోవడంతో తుంటి దగ్గర చిన్న ఎర్రమచ్చగా మొదలైనది నెలలు గడిచేసరికి పుండై, లోపలికి దిగుతోంది.

మేట్రనమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పేరున్న ఆసుపత్రిలో నర్సులందరి మీదా పెత్తనం చేసి రిటైరైన మనిషి. ఆవిడ వస్తోందంటే ఒకప్పుడు వార్డులో రోగులు కూడా సర్దుకుని పడుకునేవారట. ఇప్పుడు ఆవిడ చేతులకు వణుకు వచ్చింది. ఆ చేతులతో కట్టు కట్టలేదు కాబట్టి నోటితో కడుతుంది.

"అత్తయ్యా, ఊరవతలి కేంద్రం నుంచి ఫోనేమైనా వచ్చిందా?" కోడలు చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఎవరైనా రోగి రావడం మానుకుంటే ఆ ఖాళీ మనకి ఇస్తామన్నారు. పగలు నేను షాపులో ఫోన్ ఎత్తలేనని ఇంటి నంబరిచ్చాను."

"రాలేదు" అంది మేట్రనమ్మ.

వచ్చింది. మొన్న మధ్యాహ్నం వచ్చింది. ఒక రోగి రావడం లేదని, మర్నాడు తీసుకొస్తే డాక్టరమ్మ చూస్తుందని అవతలి అమ్మాయి చెప్పింది. అది వెన్ను దెబ్బతిన్నవాళ్ళ కోసం నడిచే కేంద్రం, వికలాంగుల బీమా కార్డు తీసుకుంటుంది. మేట్రనమ్మ దృష్టిలో మాత్రం ధర్మాసుపత్రి. "మావాడు అలాంటి చోట్లకి రాడు" అని ఠపీమని ఫోన్ పెట్టేసింది. తను ఏలిన ఆసుపత్రి ఉండగా, తన చేతికింద పని నేర్చుకున్న డాక్టర్లుండగా, తన కొడుకు ఆ ఊరవతల, ఆ జనం మధ్య పడుకోవడమా!

అసలు ఆవిడ లెక్కలో తప్పంతా కోడలిది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని ఆ పిల్లది. రోజూ బస్సులో నిలబడి ఆసుపత్రులకు ఫోన్లు చేస్తుంది. "అండీ, కొంచెం చూడండీ, ప్లీజండీ." వినడానికే ఆవిడకు ఒళ్ళు జలదరించేది. ఆ బీమా సంస్థ వాళ్ళకు ఫోన్ చేస్తే కార్డు తీసుకునే డాక్టర్లంటూ కొన్ని పేర్లు చెప్పారు. అందులో ఒకాయన ఎప్పుడో పోయాడు. ఇంకొకాయన చిన్నపిల్లల పళ్ళ డాక్టరు. మరొకాయన ఉన్నాడు గానీ "కొత్తవాళ్ళని తీసుకోవడం లేదండీ" అన్నారు. పాతవాళ్ళు మాత్రం ఎప్పుడో ఒకప్పుడు కొత్తవాళ్ళే కదా అని ఆ పిల్ల అడగదు. థాంక్సండీ అని పెట్టేస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి!

"నువ్వు అడుక్కుంటే ఎవడిస్తాడమ్మాయ్? అడగాల్సినట్టు అడగాలి" అంది మేట్రనమ్మ. "ఇవాళ వాణ్ణి నేను తీసుకెళ్తాను. నువ్వెళ్ళి నీ అద్దాలు అరగదీసుకో. సాయంత్రానికి డాక్టరుకి చూపించి తీసుకొస్తాను."

కోడలు మొగుడి వైపు చూసింది. ఇంకొక్కసారి సెలవడిగితే మళ్ళీ రానక్కర్లేదని షాపు యజమాని చెప్పి ఉన్నాడు.

"వెళ్ళు. అమ్మ వైభవం నేనూ ఓసారి చూడాలిగా" అన్నాడు అతను నవ్వి.

మొదట వెళ్ళింది పెద్ద వీధిలో ఓ సర్జన్ క్లినిక్‌కి. ఎముకల డాక్టరు. వచ్చేవాళ్ళలో సగం మంది కాళ్ళు విరిగినవాళ్ళే. గుమ్మానికి మాత్రం మెట్లే తప్ప ర్యాంప్ లేదు. ట్యాక్సీ డ్రైవరూ, ఇంకెవరో దారినపోయేవాడూ కలిసి కుర్చీని పైకెక్కించారు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి గోళ్ళ రంగు ఆరిందో లేదో చూసుకుంటూ చెయ్యి చాపింది. కార్డు చూడగానే ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇది మేం తీసుకోమండీ."

"బయట బోర్డు మీద తీసుకుంటామని రాసుందే?"

"బోర్డు పాతదండీ."

"మరి తీసి పారేయలేకపోయారా?"

"అది మా పని కాదండీ."

ఇలాంటి పిల్ల తన వార్డులో ఉంటే మధ్యాహ్నం లోపల ఏడిపించేదాన్ననుకుంది మేట్రనమ్మ. చూపుతోనే కాల్చేద్దామని చూసింది. ఆ అమ్మాయి మాత్రం పక్కవాళ్ళని "మీరు చెప్పండి సార్" అని పలకరించేసింది. కుర్చీని మళ్ళీ మెట్లు దింపారు.

"పర్వాలేదు, వీళ్ళు అంగళ్ళవాళ్ళు. మనవాళ్ళ దగ్గరికి వెళ్దాం" అంది.

'మనవాళ్ళ' ఆసుపత్రికి కొత్త మొహం పెట్టారు. నేల అద్దంలా మెరుస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిడను గుర్తుపట్టలేదు. రిసెప్షన్‌లో ఎవరూ లేవలేదు. "మేట్రన్ వచ్చిందని మీ చీఫ్ సర్జన్‌కి చెప్పు" అంటే, "ఏ మేట్రన్?" అని అడిగాడొక కుర్రాడు. ఆవిడ పెదవి విరిచింది. ఈ ఆసుపత్రి కూడా చెడిపోయిందని తేల్చేసింది.

కానీ చీఫ్ సర్జన్ నిజంగానే పరుగున వచ్చాడు. ఒకప్పుడు సూది పట్టుకోవడం రాక ఆవిడ చేత చీవాట్లు తిన్న మనిషే. "మేడమ్! మీరా! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా!" అంటూ తన గదిలోకి తీసుకెళ్ళాడు. టీ తెప్పించాడు. మేట్రనమ్మ కొడుకు వైపు చూసింది. చూశావా, అని ఆ చూపు.

సర్జన్ కట్టు విప్పి చూశాడు. నవ్వు మొహం కాస్తా బిగుసుకుపోయింది.

"లోపలికి బాగా దిగింది మేడమ్. ఎముక దాకా వెళ్ళిందేమోనని నా అనుమానం. ఒళ్ళు కూడా వెచ్చగానే ఉంది. ఆపరేషన్ చేయాలి. ఆలస్యం చేస్తే విషం ఒళ్ళంతా పాకుతుంది."

"అయితే చెయ్యి."

"ఇన్సూరెన్స్ ఏది?"

ఆవిడ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. సర్జన్ దాన్ని ముట్టుకోలేదు.

"ఇది మేం ఆపేశాం మేడమ్. వాళ్ళిచ్చేది కుట్లు వేసే దారానికి కూడా సరిపోదు, అదీ ఎప్పటికో గానీ రాదు. డబ్బు కడతానంటే రేపే చేస్తాను." అయ్యే ఖర్చు ఎంతో మొహమాటపడుతూ చెప్పాడు. ఉంటున్న ఇల్లు అమ్మినా అంత రాదు.

"నేనెవరో మీ వాళ్ళకి తెలుసా? ఈ గోడలు లేచేటప్పుడు ఇక్కడున్నాను నేను!"

"నాకు తెలుసు మేడమ్." అతను తల దించుకున్నాడు. "కానీ మీ రోజుల్లో మాత్రం? కార్డువాళ్ళని వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, అందరూ అయ్యాక పిలవమని మీరేగా మాకు చెప్పేవారు. 'ఊరికే వచ్చేవాళ్ళకి తొందరేంటి' అనేవారు. అప్పట్లో బెంచీ అయినా ఉండేది. ఇప్పుడదీ తీసేశారు."

అతను దెప్పిపొడవలేదు. పాత సంగతులు మాట్లాడుకున్నట్టే, చాలా మర్యాదగా అన్నాడు. మేట్రనమ్మకు మాత్రం నిండు సభలో ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. టీ తాగలేదు.

"నేను మందులు రాసిస్తాను, అవి కొంచెం ఆపుతాయి" అన్నాడు సర్జన్. "ఊరవతల వెన్ను దెబ్బవాళ్ళ కేంద్రం ఒకటుంది, విన్నారా? అక్కడి డాక్టరమ్మ ఈ పుండ్ల విషయంలో మా అందరికంటే దిట్ట. కార్డు తీసుకుంటారు. అక్కడ ఖాళీ దొరకడమే గగనం. దొరికితే మాత్రం వదులుకోకండి."

"మా ఆవిడ అక్కడే ప్రయత్నిస్తోంది సార్" అన్నాడు కొడుకు. "ఖాళీ ఉంటే ఫోన్ చేస్తామన్నారు. ఇంకా చేయలేదు."

మేట్రనమ్మ కిటికీ వైపు చూసింది. కిటికీలో చూడ్డానికేమీ లేదు.

తిరిగొచ్చేటప్పుడు ట్యాక్సీలో కొడుకుకి వణుకు పట్టుకుంది. "చలిగా ఉందా?" అని అడిగింది. "నీ వైభవం చూశాక చెమట పట్టిందమ్మా" అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. ఎప్పుడూ అంతే, ఏడవాల్సిన చోట వెటకారం చేస్తాడు. అది తన పోలికే అని ఆవిడకు తెలుసు.

సాయంత్రం కాకముందే కోడలు ఇంటికొచ్చేసింది. చెప్పులు విప్పలేదు. సంచి భుజం మీదే ఉంది. వంటింట్లో నీళ్ళు కాస్తున్న అత్తగారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మొన్న ఫోన్ వచ్చిందట."

మేట్రనమ్మ స్టవ్ తగ్గించింది.

"మధ్యాహ్నం నేనే వాళ్ళకి చేశాను. ఎవరో పెద్దావిడ వద్దన్నారట. మా పేరు కొట్టేశారట. ఏం చెప్పారు అత్తయ్యా వాళ్ళకి?"

"మావాడు అలాంటి చోట్లకి రాడని చెప్పాను."

"అలాంటి చోట్లంటే?"

కోడలు ఎన్నడూ గొంతెత్తని పిల్ల. ఇప్పుడూ ఎత్తలేదు. ఆ నెమ్మదికే ఆవిడకు భయం వేసింది.

"రోజూ పొద్దున వాళ్ళు ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టే వేళకి బస్సులోంచి చేసేదాన్ని. ఆ రిసెప్షన్ అమ్మాయి మొదట్లో కసురుకునేది. పోనుపోనూ నా గొంతు వినగానే 'ఇవాళ కూడా లేదక్కా, రేపు చెయ్యండి' అనేది. అదిగో, ఆ 'అక్కా' అనిపించుకోవడానికి నాకు నెలలు పట్టింది. మీరు దాన్ని అడుక్కోవడం అన్నారు. అవును, అడుక్కున్నాను. మీ అబ్బాయి కోసమే. నాకు లేని సిగ్గు మీకుంది అత్తయ్యా. చాలా ఖరీదైన సిగ్గు. దాచుకునేది మీరు, దాని ఖరీదు కట్టేది ఆయన ఒళ్ళు."

"నేను మంచికే..."

"వద్దు. పొద్దున రాలేదని కూడా చెప్పారు నాకు. అది కూడా మంచికేనా?"

గదిలోంచి చక్రాల చప్పుడైంది. కొడుకు కుర్చీ తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. మొహం జ్వరంతో ఎర్రబడి ఉంది. అంతా విన్నాడు.

"అమ్మా, నాకు ఒకటే అనుమానం" అన్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "నేను అద్దాలు బిగిస్తానని నువ్వు ఎవరికీ చెప్పలేదు. 'నిర్మాణ సంస్థలో ఉన్నాడు' అనేదానివి. సరే, డాక్టరునవుతానని ఆశపడ్డావు, కాలేదు. పడిపోయి ఇంట్లో కూర్చున్నాక కూడా నేను నీకు తలవంపేనా?"

"ఏంట్రా ఆ మాటలు!"

"మరి దేనికి సిగ్గుపడ్డావు? చెప్పు, నేనూ తెలుసుకుంటాను."

ఇన్నేళ్ళ పెత్తనంలో మాటకు తడుముకోవడం ఎరగని మేట్రనమ్మ స్టవ్ మీది గిన్నె దింపి, మళ్ళీ ఎక్కించింది. కొడుకు కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయాడు. కోడలు అతని వెనకే వెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది. చప్పుడు కాకుండా వేసింది. అదే ఆవిడకు ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు పొద్దున కోడలు ఫోన్ తీయబోతే మేట్రనమ్మ చెయ్యి చాపింది. "నేను చేస్తాను. నేను చెడగొట్టిందే కదా."

చాలాసేపు సంగీతం వినిపించింది. తర్వాత అదే గొంతు, అదే తొందర. "చెప్పండి."

"మొన్న మీరు ఫోన్ చేస్తే వద్దని పెట్టేసింది నేనేనమ్మా."

"ఓ, మీరా" అంది అవతలి అమ్మాయి.

"తప్పు చేశాను. మా అబ్బాయికి జ్వరం వస్తోంది. ఒక్కసారి... కొంచెం చూడమ్మా. ప్లీజ్." ఆ మాట నోట్లోంచి రావడానికి ఎముక మింగినంత కష్టమైంది. కోడలు గోడకి ఆనుకుని నిలబడి వింటోంది.

"ఖాళీ లేదండీ. వస్తే వచ్చి కూర్చోండి. ఎవరైనా రాకపోతే అడుగుతాను. మాటైతే ఇవ్వలేను."

వెళ్ళారు. కోడలు ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. యజమానికి కబురు పెట్టి వాళ్ళతోపాటే బయల్దేరింది.

ఊరవతలి కేంద్రం ఒక పాత గోదాములో నడుస్తోంది. లోపల ఎక్కడా గడప అనేది లేదు. తలుపులన్నీ కుర్చీ పట్టేంత వెడల్పు. మేట్రనమ్మ కళ్ళు అలవాటు చొప్పున దుమ్ము కోసం మూలలు వెతికాయి. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండుననిపించిందంటే, ఆవిడ బుద్ధి ఇంకా పూర్తిగా మారలేదన్నమాట. కూర్చోవడానికి చోటు ఒక్కటే మిగిలింది, అన్నిటికంటే వెనక బెంచీ. అక్కడే కూర్చుంది.

పేర్లు పిలుస్తున్నారు. పిలిచినవాళ్ళందరూ వస్తున్నారు. ఎవరూ మానడం లేదు. ఎదుటివాళ్ళు రాకూడదని కోరుకుంటూ కూర్చోవడం ఎంత నీచంగా ఉంటుందో ఆవిడకు మొదటిసారి తెలిసింది. మధ్యాహ్నం దాటేసరికి కొడుకు తల వాల్చేశాడు. కోడలు తడిగుడ్డతో అతని మెడ తుడుస్తోంది.

మేట్రనమ్మ లేచి రిసెప్షన్ కిటికీ దగ్గరికెళ్ళింది.

"అమ్మాయ్, వాడికి వణుకు మళ్ళీ మొదలైంది."

రిసెప్షన్ అమ్మాయి తలెత్తింది. "మీరేనా ఆ ఫోన్ పెట్టేసినావిడ?"

"నేనే."

"అలాంటి చోటు అంటే ఇదేనండీ. బాగా చూసుకోండి." వెనక నలుగురూ వింటున్నారు.

"చూశానమ్మా" అంది మేట్రనమ్మ. "నాకు బుద్ధి లేక అన్నాను. నన్ను ఇంకో నాలుగు మాటలను, పడతాను. వాణ్ణి మాత్రం ఒక్కసారి చూడు."

ఆ అమ్మాయి కిటికీలోంచి వంగి కుర్చీ వైపు చూసింది. ఇంకేమీ అనకుండా లేచి లోపలికెళ్ళింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ డాక్టరమ్మే బయటికొచ్చింది. నిద్రలేని కళ్ళు, నలిగిన కోటు. అతని నుదురు మీద చెయ్యి వేసి, "లోపలికి తోయండి. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టాలి" అంది. బెంచీల మీద ఒక్కరు కూడా గొణగలేదు.

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "కట్టు కడుతున్నదెవరు?"

"మా కోడలు" అంది మేట్రనమ్మ.

"మంచి చెయ్యి. పుండు ఇంత లోతుగా ఉన్నా చుట్టూ చర్మం నిలబెట్టుకొచ్చింది. అందుకే మనకింకా దారి ఉంది. ఇవాళే చేర్చుకుంటాను. రేపు ఆపరేషన్ చేసి పుండు శుభ్రం చేస్తాను. నెలలు పడుతుంది కానీ మానుతుంది."

కోడలు గోడవైపు తిరిగి మొహం తుడుచుకుంది.

వార్డులో మంచం దొరికింది. సెలైన్ ఎక్కించారు. వణుకు తగ్గాక కొడుకు కళ్ళు తెరిచి తల్లిని చూశాడు. "ఏమ్మా, అలాంటి చోటు ఎలా ఉంది?"

"నోర్మూసుకుని పడుకో" అంది. అంటూనే దుప్పటి మీదున్న అతని చేతిని పట్టుకుంది. "తలవంపు నువ్వు కాదురా. ఎవరి ముందూ తగ్గకూడదనుకున్న నా పొగరు. అంతే." అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం నర్సొచ్చి, మంచానికి ఒక్కరే ఉండాలంది. "ఎవరుంటారు?"

అలవాటు ప్రకారం మేట్రనమ్మ లేచి నిలబడింది. మరుక్షణం పక్కకి జరిగింది. "ఆ అమ్మాయి ఉంటుంది. వాడి సంగతి నాకంటే ఆమెకే తెలుసు" అని, తన సంచి తీసుకుని బయటికి నడిచింది.

బస్టాపు దాకా వెళ్ళిందో లేదో, వెనకనుంచి పరుగు అడుగులు వినిపించాయి. కోడలు. ఆయాసపడుతోంది.

"అత్తయ్యా, రేపు పొద్దున్నే వచ్చేయండి. నేను షాపుకి వెళ్ళి యజమాని కాళ్ళావేళ్ళా పడాలి. ఆపరేషన్ టైముకి ఇక్కడ మీరుండాలి."

"నేనా?"

"మీరే." ఆ పిల్ల ఊపిరి తీసుకుంది. "మీ మీద కోపం పోలేదు నాకు. ఇప్పట్లో పోదు కూడా. కానీ ఒక్కదాన్ని నా వల్ల కావట్లేదు. లోపల వాళ్ళేం చేస్తున్నారో అడిగి తెలుసుకోవడం మీకే వచ్చు. ఇంటికెళ్ళి ఏదైనా తినండి. తినకుండా పడుకోకండి."

అంతే, గిరుక్కున తిరిగి లోపలికి పరిగెత్తింది.

మేట్రనమ్మ బస్టాపులో కూర్చుంది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆవిడ చూడలేదు. భర్త పోయిన రోజు కూడా నలుగురిలో ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ముక్కు తుడుచుకోవడానికి రుమాలు కోసం సంచి వెతుకుతుంటే, పక్కన కూర్చున్న ముసలాయన ఆసుపత్రి వైపూ ఆవిడ వైపూ చూసి, జాలిగా అడిగాడు.

"ఎవరైనా పోయారా అమ్మా?"

మేట్రనమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదండీ" అంది. "చేర్చుకున్నారు."